చదివినవీ, తోచినవీ

సంపాదకులవారు ఉగాది భోజనాల దగ్గర నన్ను పట్టుకుని, "డాక్టరుగారూ, ఈసారి ఆరోగ్య సలహాలు వద్దండి. షుగరు గురించి చదివీ చదివీ మన సభ్యులకు షుగరు పెరుగుతోంది. పుస్తకాల మీద ఏదైనా రాసి ఇవ్వండి" అన్నారు. సరేనన్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. చదివింది వైద్యం. చేసేది ఇంగ్లండు ఉత్తరాన ఒక ఆసుపత్రిలో, ముసలివాళ్ళ వార్డులో రిజిస్ట్రారు ఉద్యోగం. రాత్రి డ్యూటీలో మూడింటికీ అయిదింటికీ మధ్య బ్లీపు మోగకపోతే పుస్తకం తీస్తాను. కాబట్టి కింద చెప్పబోయే అభిప్రాయాలు సగం నిద్రలో ఏర్పడినవని ముందే మనవి చేసుకుంటున్నాను. పండితులు మన్నించాలి.

ఈ ఏడాది చదివినవాటిలో అయిదు పుస్తకాల సంగతి చెబుతాను. మూడు ఇంగ్లీషువి, రెండు తెలుగువి. ఏరి కోరి చదివినవి కావు, చేతికి అందినవి. కాని ఒకదాని వెనక ఒకటి చదివేసరికి అయిదూ ఒకే విషయం మీద తమలో తాము వాదించుకుంటున్నట్టు తోచింది. జబ్బు చేసినప్పుడు, ముసలితనం వచ్చినప్పుడు, మనిషి బతుకు మీద పెత్తనం ఎవరిది? డాక్టరుదా, పిల్లలదా, ఆ మనిషిదేనా? నా ఉద్యోగం ఇదే కనక ఈ ప్రశ్న నాకే వినిపించిందేమో, చదివినవారు చెప్పాలి.

మొదట అబ్రహాం వర్గీస్ రాసిన "ది కవనెంట్ ఆఫ్ వాటర్". 2023లో వచ్చిన నవల, 700 పేజీలు దాటుతుంది. పడుకుని చదివితే ఛాతీ మీద బరువుగా ఉండే పుస్తకం. వర్గీస్ మనలాంటి డాక్టరే. ఇథియోపియాలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో స్థిరపడినవాడు. కథ 1900లో తిరువాన్కూరులో మొదలవుతుంది. పన్నెండేళ్ళ పిల్లను నలభై ఏళ్ళ రెండో పెళ్ళివాడికి ఇస్తారు. ఆ పిల్ల పెరిగి పెద్దదై, బిగ్ అమ్మచ్చి అనే పేరుతో ఆ ఇంటికంతటికీ దిక్కవుతుంది. ఆ వంశంలో ఒక శాపం ఉంది. తరానికొకరు నీళ్ళలో మునిగి చనిపోతుంటారు. చుట్టూ నీళ్ళే ఉన్న దేశంలో నీళ్ళంటే భయపడే కుటుంబం. 1977 దాకా కథ నడుస్తుంది.

మొదటి నూటయాభై పేజీలు నేను బ్లీపును తిట్టుకుంటూ చదివాను. కొత్త కోడలు ఆ ఇంటి వంటింట్లో మెల్లగా వేళ్ళు దిగవేసుకోవడం, మాట్లాడని మొగుడు, రాత్రివేళ వచ్చి పలకరించిపోయే ఏనుగు, ఇవన్నీ కళ్ళకు కట్టాయి. తరవాత తరవాత యాదృచ్ఛికాలు ఎక్కువైపోయాయి. గ్లాస్గో నుంచి వచ్చిన డాక్టరు, స్వీడన్ నుంచి వచ్చిన డాక్టరు, కుష్ఠురోగుల ఆశ్రమం, అందరూ చివరికి ఒకే ముడిలో పడాలన్న పట్టుదల రచయితది. పైగా చాలామంది మరీ మంచివాళ్ళు. ఇన్ని చావులున్న నవలలో ఇంత మంచితనం ఎదురయ్యేసరికి నాకు కాస్త ఊపిరాడలేదు.

నాకు ముఖ్యంగా తట్టిన విషయం ఇంకొకటి. చదవబోయేవారు ఈ పేరా దాటెయ్యండి. చివరికి ఆ శాపానికి ఒక పేరు దొరుకుతుంది. చెవి నరాల మీద గడ్డలు పెరిగే వంశపారంపర్య వ్యాధి అది. శరీరం తూకం తప్పుతుంది. నీళ్ళలో పైకీ కిందికీ తేడా తెలియకుండా పోతుంది. డాక్టరుగా ఆ పేజీ చదివి, "ఆహా, ఇదా!" అని సంతోషించాను. పది నిమిషాలయ్యాక ఆ సంతోషం తగ్గింది. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక వంశవృక్షం ఉంది. మునిగిపోయిన వాళ్ళ పేర్ల దగ్గర నీటి అలల గుర్తు వేసి, తరం తరవాత తరం దాచుకుంటూ వచ్చారు. జన్యుశాస్త్రం వాళ్ళ ఊరు చేరకముందే వాళ్ళు జన్యుశాస్త్రం రాసుకున్నారన్నమాట. ఇల్లు నీటికి దూరంగా కట్టుకున్నారు. పడవెక్కితే తేలికగా అయ్యే ప్రయాణాన్ని చుట్టు తిరిగి నడిచి చేశారు. ఆ జబ్బుతో ఎలా బతకాలో ఆ ఇంటివాళ్ళకు తెలుసు. దానికి పేరేమిటో డాక్టర్లకు తెలిసింది. నవల మాత్రం రెండో తెలివికే పట్టం కట్టి ముగుస్తుంది. డాక్టర్లు నవల రాస్తే ఇదే చిక్కు. రోగనిర్ణయం అయిందంటే కథ అయిపోయిందనుకుంటాం.

పాల్ కళానిధి రాసిన "వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్" గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది చదివే ఉంటారు. స్టాన్‌ఫర్డులో మెదడు శస్త్రచికిత్స నేర్చుకుంటున్న తమిళ కుటుంబపు కుర్రవాడు. ఊపిరితిత్తుల కాన్సరు వచ్చి 2015 మార్చిలో, 37 ఏళ్ళకు పోయాడు. మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. నాకూ ఇంచుమించు అదే వయసు కనక భయపడుతూనే తెరిచాను. సాహిత్యం బాగా చదువుకున్నవాడు. ఆ సంగతి మనం మరిచిపోకుండా చూసుకుంటాడు. నన్ను కదిలించినవి ఆయన భార్య లూసీ రాసిన చివరి పేజీలు. ఆవిడ ఏ అలంకారమూ లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతుంది.

అయితే ఒక సంగతి గమనించారా? పడుచువాడి చావుకు ఏడవడం తేలిక. మన "ప్రేమాభిషేకం" 1981లోనూ, "గీతాంజలి" 1989లోనూ అంత ఆడాయంటే అందులో ఆ జబ్బుల వాటా తక్కువేమీ కాదు. మంచి వయసులో ఉన్నవాళ్ళకు మందులేని జబ్బు వస్తే హాలంతా రుమాళ్ళు తీస్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి పదిహేనేళ్ళపాటు మెల్లమెల్లగా, ముందు స్కూటరు, తరవాత మెట్లు, తరవాత బాత్రూముకు ఒంటరిగా వెళ్ళే హక్కు, ఒక్కొక్కటే పోగొట్టుకోవడం మీద సినిమా తీస్తే ఎవరు చూస్తారు? మా వార్డునిండా ఉన్నది ఆ కథే.

ఆ కథ చెప్పిన పుస్తకం అతుల్ గవాండే రాసిన "బీయింగ్ మోర్టల్". 2014లో వచ్చింది. నాకు ఇన్నాళ్ళూ చదవడం కుదరలేదు. నిజానికి మా కన్సల్టెంటు చదవమంటే మొండికేశాను. పైవాళ్ళు చదవమన్న పుస్తకం మీద నాకు చిన్నప్పటినుంచీ అనుమానం.

గవాండే బోస్టన్‌లో సర్జను. తండ్రి మహారాష్ట్రలోని ఉటి అనే పల్లెటూరి నుంచి అమెరికా వెళ్ళి ఒహాయోలో స్థిరపడిన డాక్టరు. తాత సీతారాం గవాండే సేద్యగాడు. దాదాపు 110 ఏళ్ళు బతికాడు. నూరేళ్ళు దాటాక కూడా గుర్రమెక్కి పొలాలు చూసి వచ్చేవాడు. చివరికి ఏదో పనిమీద కోర్టుకు బయలుదేరి, బస్సు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి పోయాడు. ఈ తాతను ఒక పక్కన నిలబెట్టి, రెండో పక్కన అమెరికా నర్సింగు హోముల్లో వేళకు మందు, వేళకు తిండి, వేళకు నిద్ర, పడిపోకుండా కాపలా, ఇన్నీ ఉండి కూడా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ముసలివాళ్ళను నిలబెడతాడు. అసలు ఆ హోములు పుట్టింది ముసలివాళ్ళకు ఏం కావాలో ఆలోచించి కాదట. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ కావాలి, దానికోసం పుట్టాయట. చలికాలంలో పొద్దున్నే మంచాల మీటింగులో కూర్చునే నాకు దీన్ని ప్రత్యేకంగా రుజువు చెయ్యనక్కర్లేదు.

నాకు బాగా నచ్చిన భాగం బిల్ థామస్ అనే డాక్టరు కథ. న్యూయార్కు రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరు. అక్కడి నర్సింగు హోములో 1990ల మొదట్లో ఈయన చేరి, చుట్టూ చూసి, ఇక్కడ లోపించింది ప్రాణం అన్నాడు. రెండు కుక్కల్నీ, నాలుగు పిల్లుల్నీ, నూరు చిలకల్నీ తెప్పించాడు. చిలకలు వచ్చేశాయి కాని పంజరాలు రాలేదు. తెచ్చినవాడు వాటిని అక్కడి క్షౌరశాల గదిలో వదిలి తలుపు మూసి పోయాడు. సిబ్బంది పడ్డ పాట్లు చదివి, వార్డులో నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమోనని నోరు నొక్కుకుని నవ్వాను. తరవాతి సంగతి నవ్వులాట కాదు. మాట్లాడనివాళ్ళు చిలకలతో మాట్లాడారు. మంచం దిగనివాళ్ళు కుక్కను తిప్పడానికి లేచారు. మామూలు హోముతో పోల్చి చూస్తే మందుల వాడకం సగమైంది. చావులు కూడా తగ్గాయి. ముసలివాడికి ఒకరు సేవ చెయ్యడంతో సరిపోదు, తను సేవ చెయ్యడానికి ఒక ప్రాణి ఉండాలి అన్నది దీంట్లోంచి నేను తీసుకున్న అర్థం. మా వార్డులో మేమేం చేస్తాం? రోగికి ఒకటి నుంచి తొమ్మిది దాకా ఎంత బలహీనుడో ఒక అంకె వేస్తాం. చేతికి పసుపుపచ్చ పట్టీ కడతాం. మంచం దిగితే గంట మోగే ఏర్పాటు చేస్తాం. ఆ గంట మోగకుండా ఉండడమే మా విజయం.

ఇంకొక భాగం తన తండ్రి కథ. ఆయనకు వెన్నుపాములో గడ్డ వచ్చింది. ఇద్దరు సర్జన్లను కలిశారు. ఒకాయన వెంటనే కొయ్యాలన్నాడు. రెండో ఆయన కూర్చుని, మీకు దేనికి భయం, ఏం పోగొట్టుకోవడానికి సిద్ధం, ఏది పోతే ఒప్పుకోరు అని అడిగి, ఆగుదాం అన్నాడు. తండ్రి ఈయన్నే ఎన్నుకుని, కొన్నేళ్ళు తన పనులు తను చేసుకుంటూ గడిపాడు. ముగ్గురూ డాక్టర్లే, తండ్రీ తల్లీ కొడుకూ. అయినా ఆ ప్రశ్నలు ఇంట్లో అడగడానికి వాళ్ళకు నోరు రాలేదంటే మనబోటివాళ్ళ సంగతి చెప్పేదేముంది! తండ్రి పోయాక కాశీలో అస్థికలు కలిపి, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకుని కాసిని గంగనీళ్ళు తాగాడట. అయినా జియార్డియా పట్టుకుంది.

ఇంత మెచ్చుకున్నాను కనక పుస్తకంతో నాకున్న తగాదా కూడా చెప్పాలి. సీతారాం తాత గుర్రమెక్కి పొలం చూసి వచ్చేసరికి వేడినీళ్ళు పెట్టిందెవరు? నూరేళ్ళవాడి పళ్ళకు అనువుగా అన్నం మెత్తగా వండిందెవరు? రాత్రి మూడుసార్లు లేచిందెవరు? ఉమ్మడి కుటుంబంలో పడుచువాళ్ళకు ఊపిరాడదని గవాండే ఒప్పుకుంటాడు. వీలు చిక్కగానే పిల్లలూ పెద్దలూ ఇద్దరూ విడిగా ఉండడానికే మొగ్గారని కూడా చెబుతాడు. అది న్యాయమైన మాట. మన సంక్రాంతి నాటికల్లో ఏటేటా అమ్మానాన్నల్ని ఆశ్రమంలో పారేసే విదేశాల కొడుకు వేషం ఒకటుంటుంది చూడండి, ఆ నాటికలు రాసేవారు గవాండే రెండో అధ్యాయం దాకా అయినా చదివితే బాగుండును. కాని ఆ ఇంటి ఆడవాళ్ళ పని మాత్రం పుస్తకంలో చాలినంతగా కనపడదు. తాతగారి స్వాతంత్ర్యం కింద ఇంకొకరి చాకిరి ఉంది. ఆ లెక్క కూడా కట్టి చూపించి ఉంటే ఈ పుస్తకం ఇంకా గొప్పదయ్యేది.

చట్టమూ ఈ లెక్క కట్టదు. తల్లిదండ్రుల పోషణకని భారతదేశంలో 2007లో ఒక చట్టం వచ్చింది. అందులో పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం. వీటికి నెలకు పదివేల రూపాయలకు మించకుండా పిల్లలచేత ఇప్పించవచ్చునన్నారు. మనం పంపే డబ్బు అంతకంటే ఎక్కువే. ఏసీ పెట్టించాం, వాటరు ఫిల్టరు పెట్టించాం, హాల్లో కెమెరా పెట్టించి ఇక్కడినుంచి ఫోనులో చూసుకుంటున్నాం. చిలకల సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెబితే ఈ పుస్తకం నాకెందుకు ఇంత పట్టిందో తెలుస్తుంది. మా నాన్నకు 74. దుగ్గిరాల పక్కన రెండెకరాల పసుపు చేను. రోజూ మోపెడ్ మీద వెళ్ళి వస్తాడు. పోయిన ఏడు కాలవగట్టు మీద బండి జారి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకంటే ఏం కాలేదు. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో మీటింగు జరిగింది. హైదరాబాదు నుంచి అక్క, డల్లాస్ నుంచి తమ్ముడు, ఇక్కణ్ణించి నేను. బండి అమ్మెయ్యాలి, చేను కౌలుకిచ్చెయ్యాలి అని తమ్ముడి తీర్మానం. నేను అప్పటికి గవాండేలో సగంలో ఉన్నాను. వోటు వెయ్యకుండా, నాన్నకు ఫోను చేసి ఆ రెండో సర్జను అడిగిన ప్రశ్నలే మనవైన మాటల్లో అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నీరు కట్టిన రోజున నేను గట్టుమీద నిలబడాలిరా. అదొక్కటి ఉంచండి. మందులూ మాకులూ మీ ఇష్టం" అన్నాడు.

నేను గెలిచినట్టు ఈ మాట గ్రూపులో పెట్టాను. అక్క సమాధానం వెంటనే వచ్చింది. "నువ్వు పుస్తకాలు చదువుతావు, వాడు తీర్మానాలు చేస్తాడు. మళ్ళీ పడ్డాడని ఫోనొస్తే అర్ధరాత్రి బస్సెక్కేది నేను. తుంటి విరిగితే మూణ్ణెల్లు మంచం దగ్గర కూచునేదీ నేనే. ఆ ప్రశ్నలు నన్నెవరైనా అడిగారా?" గవాండే పుస్తకంలో దీనికి జవాబు వెతికాను. దొరకలేదు. బండి ఇంకా ఇంట్లోనే ఉంది. తగవు కూడా ఇంకా గ్రూపులోనే ఉంది.

ఆ తగవు నడుస్తున్న రోజుల్లోనే అబ్బూరి ఛాయాదేవిగారి కథల సంపుటి "తన మార్గం" ఒక మిత్రుడి ఇంట్లో దొరికింది. 2005లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం. ఛాయాదేవిగారి కథల్లో అరుపులుండవు, కన్నీళ్ళు కూడా తక్కువే. పక్కింటావిడ కాఫీ తాగుతూ చెప్పినట్టుంటాయి. ఇంటికొచ్చి ఆలోచిస్తే అప్పుడు గుచ్చుకుంటాయి. పేరు పెట్టిన కథలో పెద్దావిడకు పిల్లలమీద కోపం లేదు. వాళ్ళు దుర్మార్గులూ కారు. అయినా ఎవరి ఇంట్లోనో సర్దుకుని బతకడం కంటే తన దారిన తాను బతకాలనుకుంటుంది. తెలుగు కథల్లో ముసలితల్లి అంటే కోడలు పెట్టే మెతుకుల కోసం ఎదురుచూసేదో, కొడుకుని శపించేదో అయి ఉండాలన్న అలవాటు మనకుంది. ఇక్కడ ఆవిడ ఎదురుచూడదు, శపించదు. లెక్క వేసుకుని నిర్ణయం చేసుకుంటుంది. ఇంత మామూలుగా చెప్పడం వల్లనే మొదటిసారి చదివినప్పుడు, ఇందులో కథేముంది అనిపిస్తుంది. రెండోసారి చదవండి.

కొన్ని కథలు మరీ వ్యాసంలా ఉన్నాయన్నది నా ఫిర్యాదు. చెప్పదలచుకున్నది ముందే తెలిసిపోతుంది. ఆ మాట అంటే నా భార్య, "మగవాళ్ళకు ముందే తెలిసిపోతుంది గానీ, తెలిసి చేసేదేమీ ఉండదు" అంది. అచ్చు వెయ్యమని ఆవిడే చెప్పింది కనక వేస్తున్నాను.

ఛాయాదేవిగారు రాసినట్టే బతికారు. చివరి సంవత్సరాల్లో హైదరాబాదు కొండాపూర్‌లో సి.ఆర్. ఫౌండేషన్ వారి వృద్ధాశ్రమానికి తనంత తానుగా వెళ్ళి, అక్కడే ఉంటూ 2019 జూన్‌లో కన్నుమూశారు. వృద్ధాశ్రమం అనగానే మనలో ఎవరో చెంపమీద కొట్టినట్టు ఉలిక్కిపడతాం. ఎవరో తీసుకెళ్ళి దింపిన చోటికీ, తను నడిచి వెళ్ళిన చోటికీ ఎంత తేడా ఉందో చూడండి. రెండు గేట్ల మీదా బోర్డు ఒకటే ఉండవచ్చు.

చివరగా, ఈ ఏడాది నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన పుస్తకం. నూరు పేజీల పైచిలుకు ఉండే చిన్న నవల, డాక్టర్ కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు". 1980లలో వచ్చింది. నేను పుట్టకముందు వచ్చిన పుస్తకాన్ని ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నానని పెద్దలు నవ్వుకోవచ్చు. మెడికల్ కాలేజీ చదువుల్లో తెలుగు నవల చేతికి రానివ్వరు, అదీ సంగతి.

కేశవరెడ్డిగారిది చిత్తూరు జిల్లా. 1946లో పుట్టి 2015లో పోయారు. పాండిచ్చేరిలో వైద్యం చదివి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో ఉద్యోగమంతా చేశారు. వర్గీస్ నవలలో ఊహించి కట్టిన ఆశ్రమం లాంటి చోట ఈయన నిజంగా ఏళ్ళ తరబడి పనిచేశారన్నమాట. ఈ నవలలో మాత్రం ఆసుపత్రి లేదు, డాక్టరు లేడు. ఒక ముసలివాడు. పందుల్ని మేపుకు బతికేవాడు. ఈనే రోజుల్లో ఉన్న పంది ఒకటి తప్పిపోయి అడవిలోకి పోతుంది. దాన్ని వెతుక్కుంటూ చీకటి పడే వేళకు ఒంటరిగా అడవిలోకి పోతాడు. అంతే కథ. ఆ ఒక్క రాత్రే కథ. పంది పిల్లలు పెడుతుంది. చుట్టూ నక్కలు. కన్నతల్లి కాబట్టి పంది ముసలివాణ్ణి కూడా నమ్మదు. కాపాడడానికి వచ్చినవాడు అటు నక్కల్నీ కాచుకోవాలి, ఇటు పందినీ కాచుకోవాలి. చివరికి ఏమవుతుందో చెప్పను. జయించాడు అన్న మాట రచయిత ఏ అర్థంలో పెట్టాడో మీరే తేల్చుకోండి. నేనూ మా ఆవిడా ఇంకా తేల్చుకోలేదు.

దీన్ని చదివిన ప్రతివాళ్ళూ హెమింగ్వే 1952లో రాసిన "ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ"తో పోలుస్తారు. పోలిక ఉంది. ముసలివాడు, ఒంటరితనం, ఒక జంతువు, ఎత్తుకుపోవడానికి వచ్చే మిగతా జంతువులు. కాని హెమింగ్వే ముసలివాడికి 84 రోజులుగా చేప పడలేదు. నలుగురిలో పోయిన పరువు కూడా ఆ పడవలో ఉంది. మనవాడికి పరువుతో పని లేదు. ఆ పంది, దాని పిల్లలు అతని చేతికింద ఉన్న ప్రాణాలు. వాటి పూచీ తనది. అందుకే వెళ్ళాడు. పంది ఎప్పుడు ఏం చేస్తుందో, నక్క ఎటునుంచి వస్తుందో, గాలి ఎటు తిరిగితే ఏ వాసన ఎవరికి చేరుతుందో అన్నీ అతనికి తెలుసు. ఆ తెలివి పేజీ పేజీకీ కనపడుతుంది. వైద్యంలో మేం క్లినికల్ జడ్జిమెంటు అని గొప్పగా చెప్పుకునేది ఇలాంటిదే. ఏళ్ళ తరబడి చూసి చూసి చేతికి వచ్చిన తెలివి.

ఒక రాత్రి చదువుతూ చదువుతూ, ఈయన మా వార్డుకు వస్తే ఏం జరుగుతుందా అనుకున్నాను. పసుపుపచ్చ పట్టీ పడుతుంది. ఇంట్లో మెట్లెన్ని, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని థెరపిస్టు అడుగుతుంది. రాత్రిపూట అడవికి వెళ్ళే అలవాటుందంటే ఏ గడిలో రాయాలో తెలియక నన్ను పిలుస్తుంది. నేనేం చెబుతాను? వెళ్ళనివ్వండి అని సంతకం పెట్టే ధైర్యం నాకుందా? గవాండే పుస్తకం చదివినవాడిగా ఉండాలి. రిజిస్ట్రారుగా, మర్నాడు విచారణలో జవాబు చెప్పుకోవలసినవాడిగా, ఏమో. ఈ నవల గొప్పతనం ఏమిటంటే అది ముసలివాడి పక్షాన వకాల్తా పుచ్చుకోదు. అడవి నిజంగా ప్రమాదమే అని చూపిస్తుంది. అక్క భయం కూడా నిజమే, నాన్న గట్టు కూడా నిజమే అని నాకు ఇంతకంటే స్పష్టంగా ఏ వైద్య గ్రంథమూ చెప్పలేదు.

లోపం లేదా అంటే ఉంది. అక్కడక్కడ ముసలివాడి ఆలోచనలు అతని నోటికి పట్టనంత పెద్దవైపోతాయి. అప్పుడు మనకు వినపడేది రచయిత గొంతు. ఆ వాక్యాలు తీసేసినా నవలకు ఏమీ తక్కువ కాదు. పంది కదలిక, ఆకుల చప్పుడు వర్ణించేటప్పుడు మాత్రం ఒక్క మాట తీయలేం. భాషలో చిత్తూరు మాటలున్నాయి. కృష్ణా గుంటూరు వాళ్ళకు మొదట కొంచెం అడ్డం పడతాయి. నాకు మదనపల్లె అత్తవారిల్లు కావడం ఈ విషయంలో కలిసి వచ్చింది. పది పేజీలు దాటితే అడ్డం పడేవే రుచి పుట్టిస్తాయి.

"మునెమ్మ", "మూగవాని పిల్లనగ్రోవి" కూడా తెప్పించుకున్నాను, ఇంకా మొదలుపెట్టలేదు. "అతడు అడవిని జయించాడు" నా దగ్గర ఒకటే ప్రతి ఉంది. కావలసినవారు వచ్చే నెల సమావేశంలో అడిగితే ఇస్తాను. మొదట అడిగినవారికి మూడు వారాలు. ఇప్పటికే మా అక్క తనకొక ప్రతి కావాలని రాసింది, హైదరాబాదులో కొనుక్కోమన్నాను. కొన్నదట. చదివి ఏమంటుందో చూడాలి.